సోంబ్రనా, ఒస్కురిదాదా? స్పానిష్‌లో నీడకు, చీకటికి సరైన మాట ఎంచుకునే పద్ధతి

దక్షిణ స్పెయిన్‌లోని కోర్దొబ నగరంలో పాత ఇళ్ళ నడిమధ్య ఒక ఖాళీ జాగా ఉంటుంది. చూడగానే మన మండువా లోగిలి గుర్తొస్తుంది. దాని పేరు పాత్యొ. గోడల నిండా పూలకుండీలు, మధ్యలో నిమ్మచెట్టో నారింజచెట్టో ఉంటాయి. ఏటా మే నెలలో ఈ పాత్యొలకు ఒక పండుగ జరుగుతుంది. 2012లో యునెస్కో ఆ పండుగను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంటి ఒక ఇంట్లో నేను నాలుగు రోజులు ఉన్నాను. తిరిగి వచ్చే రోజు ఇంటావిడకు స్పానిష్‌లో ఒక చీటీ రాశాను. ‘చల్లటి నీడ ఉన్న మీ పాత్యొ నాకెంతో నచ్చింది’ అనుకుంటూ పాత్యొ సొంబ్రీయొ అని రాశాను. ఆవిడ చదివి, నా మొహంలోకి చూసి, ‘మా ఇల్లు మీకు దిగులుగా అనిపించిందా?’ అని అడిగారు.

సొంబ్రీయొ అంటే నీడ ఉన్నది అని నిఘంటువు చెప్పింది. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట వినగానే స్పానిష్ వాళ్ళ మనసుకు తట్టేది చల్లదనం కాదు, కళ తప్పిన చోటు, ముసురుకున్న దిగులు. అంత ఆప్యాయంగా చూసుకున్న మనిషి మనసు ఒక్క మాటతో చిన్నబుచ్చానని చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి నీడ మాటల్ని, చీకటి మాటల్ని విడిగా ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. ఈ మార్గదర్శి అందులోంచి వచ్చిందే.

ముందు ఉచ్చారణ గురించి ఒక్క మాట. ఒత్తి పలకాల్సిన అచ్చును ఇక్కడ దీర్ఘంగా రాశాను. సోంబ్రలో ఒత్తు ‘సో’ మీద పడుతుంది, ఒస్కురిదాద్‌లో ‘దా’ మీద. త, ద అని రాసిన చోట మన త, ద లాగే నాలుక పళ్ళకు తాకించి పలకండి, ఇంగ్లీషు అలవాటుతో ట, డ చేయకండి. కొన్ని మాటల్లో నేను స అని రాసిన చోట స్పెయిన్‌లో ఎక్కువమంది థ కు దగ్గరగా పలుకుతారు. లాటిన్ అమెరికాలో స అనే అంటారు.

మొదటి అడుగు: ఇంగ్లీషు మీదుగా వెళ్ళకండి

మనలో చాలామంది స్పానిష్‌ను ఇంగ్లీషు పుస్తకాలతోనే నేర్చుకుంటాం. ఈ విషయంలో మాత్రం ఇంగ్లీషు దారి చుట్టుదారి. చెట్టు కింద చల్లగా ఉండే చోటుకు ఇంగ్లీషులో ఒక మాట, నేల మీద పడే మన ఆకారానికి ఇంకో మాట. ‘ఈ రెంటికీ స్పానిష్‌లో ఒకటే మాట, జాగ్రత్త’ అని ఆ పుస్తకాలు హెచ్చరిస్తాయి. తెలుగువాళ్ళకు ఆ హెచ్చరికతో పనే లేదు. చెట్టు నీడ, మనిషి నీడ, రెండూ మనకు నీడే. స్పానిష్‌లో రెండూ సోంబ్రే.

కాబట్టి తెలుగు నుంచి నేరుగా మొదలుపెట్టండి. నీడ అంటే సోంబ్ర, చీకటి అంటే ఒస్కురిదాద్, మసక అంటే పెనూంబ్ర. ఈ మూడూ స్త్రీలింగాలే, కాబట్టి ముందు ‘ల’ చేర్చాలి: ల సోంబ్ర, ల ఒస్కురిదాద్, ల పెనూంబ్ర. అయితే తెలుగు కూడా కొన్ని చోట్ల దారి తప్పిస్తుంది. ఆ చోట్లు ముందు ముందు వస్తాయి.

రెండో అడుగు: వెలుతురుకు అడ్డం వచ్చిందా, వెలుతురే లేదా?

మాట వెతికే ముందు ఈ ప్రశ్న వేసుకోండి. వెలుతురు ఉంది, మధ్యలో చెట్టో గోడో మనిషో అడ్డొచ్చారు అంటే సోంబ్ర. వెలుతురే లేదు అంటే ఒస్కురిదాద్. మిట్టమధ్యాహ్నం వేపచెట్టు కింద ఉన్నది సోంబ్ర. అర్ధరాత్రి అదే చెట్టు కింద ఉన్నది ఒస్కురిదాద్. సోంబ్ర పుట్టాలంటే ఎక్కడో ఒకచోట వెలుగు ఉండి తీరాలి.

స్పెయిన్‌లో ఎండ ఎంత తీవ్రమో తెలిస్తే ఈ మాటకు అక్కడ ఎంత విలువో అర్థమవుతుంది. సెవీయ నగరంలో వేసవి వస్తే సియేర్పెస్ వీధి లాంటి చోట్ల ఈ మేడ నుంచి ఆ మేడకు పెద్ద పెద్ద గుడ్డలు కడతారు, వీధంతా నీడ పడేలా. మనం పందిరి వేసుకున్నట్టే. ఇలాంటి గుడ్డను మామూలుగా తోల్దొ అంటారు, సెవీయవాళ్ళు వేలస్ అంటారు, అంటే తెరచాపలు. హోటల్ బయట కుర్చీల దగ్గరికి వెళ్తే ‘అల్ సోల్ ఒ అ ల సోంబ్ర?’ అని అడుగుతారు. ఎండలో కూర్చుంటారా, నీడలోనా అని. ఎద్దుల పోరు జరిగే మైదానాల్లో టికెట్లు కూడా ఇలాగే ఉంటాయి. 1931లో మొదలైన మాద్రిద్‌లోని లస్ వేంతస్‌లో సోల్ అంటే ఎండవైపు సీటు, సోంబ్ర అంటే నీడవైపు సీటు, సోల్ ఇ సోంబ్ర అంటే ముందు ఎండ ఉండి, పొద్దు వాలేకొద్దీ నీడలోకి వచ్చే సీటు. నీడవైపు సీటుకే ధర ఎక్కువ.

ఇక్కడ విభక్తి గురించి కాస్త ఆగాలి. నీడలో కూర్చున్నాం అనడానికి ‘ఎన్ ల సోంబ్ర’ అన్నా తప్పు కాదు. కానీ ఎండ తప్పించుకోవడానికి నీడపట్టున చేరాం అనే అర్థంలో సహజంగా వచ్చేది ‘అ ల సోంబ్ర’. ‘క్వరేంత గ్రాదొస్ అ ల సోంబ్ర’ అంటే నీడలోనే నలభై డిగ్రీలు. ఎండ ఎంత దారుణంగా ఉందో చెప్పడానికి వాడే మాట ఇది. ఇక ‘ఎన్ ల సోంబ్ర’కు ఇంకో అర్థం కూడా ఉంది, తెర వెనక అని. ‘గొబ్యేర్నొ ఎన్ ల సోంబ్ర’ అంటే బయటికి కనబడకుండా నడిచే ప్రభుత్వం. మాటల్లో ఒక మనిషి గురించి ‘ఎస్తా అ ల సోంబ్ర’ అంటే జైల్లో ఉన్నాడని కూడా అర్థం రావచ్చు. చెట్టు పేరో గోడ పేరో చేరిస్తే ఆ అనుమానం ఉండదు.

మూడో అడుగు: మన నీడ ఎక్కడ మోసం చేస్తుందో చూసుకోండి

తెలుగులో నీడ అనే మాట పరిధి చాలా పెద్దది. చెరువు నీటిలో గుడి గోపురం నీడ అంటాం, అద్దంలో నీడ అంటాం. ఇక్కడ సోంబ్ర అంటే పూర్తిగా తప్పు. నీటిలో, అద్దంలో కనబడేది రెఫ్లేహొ. తెలుగువాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇదేనని నా అనుభవం. ఎందుకంటే ఇంగ్లీషులో ఆలోచించేటప్పుడు ఈ తప్పు రాదు. తెలుగులో ఆలోచిస్తూ హాయిగా మాట్లాడటం మొదలయ్యాకే వస్తుంది.

రెండోది, ‘నిలువ నీడ లేదు’. ఈ నీడ అంటే ఆశ్రయం. స్పానిష్‌లో దీనికి పైకప్పు అనే మాట వాడతారు, తేచొ. ఇల్లు లేనివాళ్ళను ‘సిన్ తేచొ’ అంటారు, కప్పు లేనివాళ్ళు అని. కానీ ‘పెద్దల నీడన పెరిగాడు’ అన్నప్పటి నీడ మాత్రం చక్కగా కుదురుతుంది. ‘అ ల సోంబ్ర దె సు పాద్రె’ అంటే తండ్రి నీడలో, ఆయన అండలో అని. దీనికి వాళ్ళ సామెత ఒకటుంది: ‘క్యేన్ అ బ్వేన్ ఆర్బొల్ సె అర్రీమ, బ్వేన సోంబ్ర లె కొబీహ.’ మంచి చెట్టును ఆనుకున్నవాడికి మంచి నీడ దొరుకుతుంది. మన ఊళ్ళో పెద్దాయన ఎవరైనా చెప్పినట్టే ఉంటుంది కదా.

తన నీడను తానే నమ్మడు, నీడలా వెంటాడుతున్నాడు అనేవి మాటకు మాట మార్చేయొచ్చు, అక్కడా అలాగే అంటారు. మనం ‘నీడ చూసి జడుసుకున్నాడు’ అంటాం కదా, ఆ ఊహ లోంచి స్పానిష్‌లో ఒక అందమైన మాటే పుట్టింది. అసోంబ్రొ అంటే ఆశ్చర్యం. అందులో ఉన్నది సోంబ్రే. నేల మీద నీడ కదిలితే గుర్రం బెదురుతుంది. ఆ బెదురు అర్థం కాలం గడిచేకొద్దీ మెత్తబడి ఆశ్చర్యమైంది. తల మీద నీడ కోసం పెట్టుకునే టోపీ సొంబ్రేరొ అని మీకు ఈపాటికి తట్టే ఉంటుంది.

నాలుగో అడుగు: నీడ ఉన్న చోటును ఎలా పొగడాలి

నేను కాలు జారిన చోటు ఇదే, కాబట్టి మెల్లగా వెళ్దాం. నీడను విశేషణంగా చెప్పే మాటలు మూడు. సొంబ్రెయాదొ అంటే నీడ పరిచినట్టున్నది. ఇందులో హాయి ఉంది. పార్కు, వీధి, పాత్యొ గురించి మెచ్చుకోవాలంటే ఇదే. నా చీటీలో ఉండాల్సింది ‘పాత్యొ ఫ్రేస్కొ ఇ సొంబ్రెయాదొ’, చల్లగా, నీడగా ఉన్న పాత్యొ అని. ఉంబ్రీయొ అంటే ఎండ సరిగా సోకనిది. అడవి దారి, కొండ మలుపు గురించి రాసేటప్పుడు బాగుంటుంది, మామూలు మాటల్లో తక్కువ. సొంబ్రీయొ మనిషి మొహానికీ, వార్తకూ, భవిష్యత్తుకూ వాడే మాట. చోటుకు వాడితే ఆ దిగులు చోటుకూ అంటుకుంటుంది. అనుమానంగా ఉంటే ‘కొన్ సోంబ్ర’, నీడతో ఉన్నది అనేయండి. ఎవరూ నొచ్చుకోరు.

కొండల్లో నడిచే అలవాటు ఉంటే మరో జంట తెలియాలి. స్పెయిన్‌లో కొండకు ఎండ బాగా పడే దక్షిణపు వాలు సొలాన, ఎప్పుడూ నీడగా, తేమగా ఉండే ఉత్తరపు వాలు ఉంబ్రీయ. నాచు, ఫెర్న్ మొక్కలు ఎక్కువగా కనిపించేది ఉంబ్రీయలో. చిలీ, అర్జెంటీనా భూమధ్యరేఖకు దక్షిణాన ఉంటాయి కాబట్టి అక్కడ నీడ వాలు దక్షిణం వైపు ఉంటుంది.

సొంబ్రీయొ దిగులు మాట అన్నానా, కొలంబియా కాఫీ తోటల్లో మాత్రం అది మంచి మాట. అక్కడ కాఫీ మొక్కల పైన పెంచే నీడ చెట్లను ఎల్ సొంబ్రీయొ అంటారు. అరకులో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల కింద, వాటికి మిరియాల తీగలు పాకించి కాఫీ పండిస్తారే, ఆ పద్ధతిని కొలంబియా రైతుకు ‘కఫే బాహొ సొంబ్రీయొ’ అని చెబితే వెంటనే అర్థమవుతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా గురించి స్పానిష్‌లో చెప్పాల్సిన పని ఎవరికైనా పడితే ఈ మాట పనికొస్తుంది. మెక్సికోలో ‘కఫే దె సోంబ్ర’ అంటారు.

అయిదో అడుగు: చీకటి అని చెప్పడానికి నామవాచకం వెతక్కండి

మనం ‘చీకటి’ అన్న ప్రతిచోటా ఒస్కురిదాద్ పెడితే వాక్యం పుస్తకంలా ఉంటుంది. మాటల్లో ఎక్కువ వినబడేవి వేరు.

గది చీకటిగా ఉంది అనడానికి ఒస్కూరొ అనే విశేషణం. గది స్త్రీలింగం కాబట్టి ఒస్కూర. ఇక్కడ రెండు క్రియల తేడా ఉంది. ‘ల అబితస్యోన్ ఎస్ ఒస్కూర’ అంటే ఆ గది ఎప్పుడూ అంతే, కిటికీ లేదు, వెలుతురు రాదు. ‘ల అబితస్యోన్ ఎస్తా ఒస్కూర’ అంటే ఇప్పుడు చీకటిగా ఉంది, లైటు వేస్తే సరిపోతుంది. అద్దెకు ఇల్లు చూసేటప్పుడు ఎస్, ఎస్తా మధ్య తేడా చాలా పెద్దది. ఇంటి ప్రకటనలో ‘ఎస్ ఒస్కూరొ’ అనే మాట ఎవరూ రాయరు, మీరే అడిగి తెలుసుకోవాలి.

కరెంటు పోయి చీకట్లో ఉండిపోయాం అనడానికి ‘అ ఒస్కూరస్’. ఇది మారని పదబంధం. మగవాళ్ళయినా, ఒక్కరే అయినా అ ఒస్కూరస్సే. 2025 ఏప్రిల్ 28న మధ్యాహ్నం పన్నెండున్నర దాటగానే స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో ఒక్కసారిగా కరెంటు పోయింది. రైళ్ళు ఆగిపోయాయి, మాద్రిద్ మెట్రో సొరంగాల్లోంచి జనం నడిచి బయటికొచ్చారు. ఆ రోజును తలుచుకుంటే ‘నొస్ కెదామొస్ అ ఒస్కూరస్’, చీకట్లో మిగిలిపోయాం, అంటారు. కరెంటు పోయింది అనడానికి వాళ్ళ మాట ‘సె ఫ్వే ల లూస్’, వెలుగు వెళ్ళిపోయింది అని. కరెంటు బిల్లు కూడా వాళ్ళకు వెలుగు బిల్లే.

‘ఎన్ ల ఒస్కురిదాద్’కూ దీనికీ తేడా ఏమిటంటే, అ ఒస్కూరస్ మన పరిస్థితి చెబుతుంది, ఎన్ ల ఒస్కురిదాద్ చుట్టూ ఉన్న చీకటిని ఒక చోటులా చూపిస్తుంది. చీకట్లో పిల్లి కళ్ళు మెరిశాయి అంటే ఎన్ ల ఒస్కురిదాద్. చీకట్లో తడుముకుంటూ అన్నం తిన్నాం అంటే అ ఒస్కూరస్.

ఇక ‘చీకటి పడింది, ఇంటికి రా’ అని అమ్మ పిలిచే చీకటి ఉందే, అది ఒస్కురిదాద్ కానే కాదు. ‘య ఎస్ దె నోచె’, రాత్రయింది అంటారు. చీకటి పడుతోంది అనడానికి ‘సె ఎస్తా అస్యేందొ దె నోచె’ లేదా ‘ఎస్తా ఒస్కురెస్యేందొ’. బాగా చీకటి పడ్డాక ‘నోచె సెర్రాద’, మూసుకుపోయిన రాత్రి. ‘చీకటితోనే లేచి’ అంటే? అది మద్రుగాద. అర్ధరాత్రి దాటినప్పటి నుంచి తెల్లవారే దాకా ఉన్న పొద్దంతా మద్రుగాదే. రాత్రి మూడు గంటలు అని మనం అంటే, వాళ్ళు మద్రుగాద మూడు గంటలు అంటారు.

ఆరో అడుగు: మసక వేళకు ఓపికగా మాట వెతకండి

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఈ మాటలే. స్పెయిన్ ఇళ్ళ కిటికీలకు బయటివైపు కిందికి దింపే పలకల తెర ఉంటుంది, పెర్స్యాన. వేసవి మధ్యాహ్నం దాన్ని సగానికి దింపితే గదిలో పడే ఆ సన్నటి వెలుతురు పెనూంబ్ర. పూర్తి చీకటీ కాదు, వెలుగూ కాదు. ‘ఎన్ పెనూంబ్ర’ అంటే కునుకు తీయడానికి తగిన మసక.

సూర్యగ్రహణం విషయంలో ఇదే మాట కచ్చితమైన శాస్త్ర పదం అవుతుంది. 2026 ఆగస్టు 12 నాటి సంపూర్ణ గ్రహణం బాట ఉత్తర స్పెయిన్ మీదుగా, వలేన్స్య దాకా, ఆపైన బలేయారెస్ దీవుల మీదుగా ఉంది. ఆ బాటలో పడేది చంద్రుడి అసలు నీడ, సోంబ్ర. మాద్రిద్, బార్సిలోనా నగరాలు బాటకు కొద్దిగా బయట ఉన్నాయి, అక్కడ పడేది పెనూంబ్రే. సోంబ్రకూ పెనూంబ్రకూ తేడా చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సాయంత్రపు మసకకు అతర్దెసేర్, అనొచెసేర్ అని రెండున్నాయి. పొద్దు వాలి ఆకాశం ఎర్రబడేది అతర్దెసేర్, చీకట్లు ముసిరేది అనొచెసేర్. మన మునిమాపు ఈ రెంటి నడుమ ఉంటుంది. ‘ఎంత్రె దోస్ లూసెస్’, రెండు వెలుగుల నడుమ అనే పదబంధం దానికి బాగా సరిపోతుంది. గడియారాన్ని మాత్రం నమ్మకండి. జూన్ చివర్లో మాద్రిద్‌లో పొద్దు గుంకేసరికి రాత్రి దాదాపు 9.45 అవుతుంది. మన లెక్కలో భోజనాలు అయిపోయే వేళకు అక్కడ ఇంకా అతర్దెసేరే.

ఏడో అడుగు: కటిక చీకటి మాటల్ని దాచుకుని వాడండి

తిన్యేబ్లస్ అంటే అంధకారం. ఎక్కువగా బహువచనంలోనే వస్తుంది. బైబిలు, ప్రార్థనలు, కవిత్వం దీని చోటు. పవిత్ర వారంలో చేసే తిన్యేబ్లస్ ప్రార్థనలో పదిహేను కొవ్వొత్తుల దీపస్తంభాన్ని వెలిగించి, ఒక్కొక్కటే ఆర్పుతూ పోతారు. ఆ దృశ్యం గుర్తుంచుకుంటే మాట బరువు తెలుస్తుంది. వంటింట్లో బల్బు మాడిపోతే తిన్యేబ్లస్ అనకూడదు, మనం ‘వంటింట అంధకారం అలుముకుంది’ అన్నట్టు ఉంటుంది.

తెనెబ్రోసొలో భయం ఉంది, లోబ్రెగొలో తేమ, దిగులు ఉన్నాయి. పాడుబడ్డ నేలమాళిగ లోబ్రెగొ. హోసె దె రిబేర, సుర్బరాన్ లాంటి 17వ శతాబ్దపు చిత్రకారులు నల్లటి నేపథ్యంలోంచి ఒక్క మొహాన్నో చేతినో వెలిగించి చూపే శైలిని తెనెబ్రీస్మొ అంటారు. మామూలు మాటల్లో చిమ్మచీకటి అనడానికి ఇవేవీ అక్కర్లేదు. ‘ఒస్కూరొ కొమొ బోక దె లోబొ’, తోడేలు నోరంత చీకటి అనండి, చాలు.

ఎనిమిదో అడుగు: రంగుల దగ్గర

ముదురు రంగుకు ఒస్కూరొ. కానీ రంగు పేరు పక్కన చేరితే అది మారదు: ఒక ముదురు నీలం చొక్కా ఉన్నా, పది ఉన్నా ‘అసూల్ ఒస్కూరొ’నే. రంగు ఛాయకు తోనొ లేదా మతీస్, సోంబ్ర కాదు. కనురెప్పలకు పూసే రంగు మాత్రం ‘సోంబ్ర దె ఓహొస్’. చామనఛాయ మనిషిని మొరేనొ అంటారు, లాటిన్ అమెరికాలో గోధుమవన్నెకు త్రిగేన్యొ ఉంది, త్రీగొ అంటే గోధుమే. కళ్ళ కింద నల్లటి వలయాలు ఒహేరస్. ఫోన్‌లో నల్ల తెర ‘మోదొ ఒస్కూరొ’, కానీ చీకటి బజారు ‘మెర్కాదొ నేగ్రొ’. వీటికి సూత్రం వెతక్కుండా జంటగా బట్టీ పట్టడమే మేలు. అర్జెంటీనాలో రహస్యంగా ఓటు వేసే గదిని క్వార్తొ ఒస్కూరొ అంటూ వచ్చారు, చీకటి గది అని. లోపల లైటు వెలుగుతూనే ఉంటుంది. చీకటి అన్నది అక్కడ గోప్యతకు పేరు.

తొమ్మిదో అడుగు: మీరే రాసి చూడండి

కింది వాక్యాల్లో ముందు తెలుగు చదివి, స్పానిష్ మాట మనసులో అనుకున్నాకే పక్కనున్న జవాబు చూడండి.

చెట్టు నీడన కారు పెట్టు: ‘అపార్క ఎల్ కోచె అ ల సోంబ్ర’. అద్దంలో నా నీడ చూసుకున్నాను: రెఫ్లేహొ. ఆ మెట్ల దారి ఎప్పుడూ చీకటే: ‘ల ఎస్కలేర ఎస్ ఒస్కూర’. కరెంటు లేక రాత్రంతా చీకట్లోనే గడిపాం: ‘పసామొస్ ల నోచె అ ఒస్కూరస్’. చీకటితోనే బయల్దేరాం: ‘సలీమొస్ దె మద్రుగాద’. తలుపులు దగ్గరగా వేసుకుని మసకలో పడుకున్నాం: ‘ఎన్ పెనూంబ్ర’. మీ వీధి చల్లగా, నీడగా ఎంత బాగుందో: ‘కే కాయె తన్ సొంబ్రెయాద!’